నెత్తురు ఆగాలంటే జట్టు కదలాలి

కాన్పయిన తల్లికి నెత్తురు ఆగకపోతే ప్రాణం పోవడానికి రోజులు పట్టదు, గంటలు చాలు. ఆ గంటల్లో ఆసుపత్రిలో ఎందరు కలిసి కదిలారన్నదే చావుబతుకులు తేలుస్తుంది. మన వాడల్లో మాత్రం 'దాని రాత అంతే' అని ఏడ్చి ఊరుకుంటున్నాం. అది రాత కాదు. ఏర్పాటు లేకపోవడం!

బిడ్డ పుట్టి మాయ పడ్డాక గర్భసంచి గట్టిగా బిగుసుకోవాలి. బిగుసుకోకపోయినా, మాయముక్క లోపల మిగిలినా, లోపల చిరిగినా నెత్తురు పోతూనే ఉంటుంది. అరలీటరు పోతే ప్రమాదమంటారు. ముందే నెత్తురు తక్కువైన మనిషికి అంతకన్నా తక్కువకే ముప్పు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో గర్భిణుల్లో సగానికి పైగా, 52 శాతం మందికి రక్తహీనత. నిండు నెలల్లోనూ నాట్లకు పోయే మన ఆడోళ్ళు ఏ సగంలో ఉంటారో వేరే చెప్పాలా?

మొదటి పని నర్సమ్మది. పొట్ట మర్దన చెయ్యాలి, గర్భసంచి బిగిసే ఆక్సిటోసిన్ ఇవ్వాలి, 3 గంటల లోపు ట్రానెగ్జామిక్ యాసిడ్ ఎక్కించాలి, సెలైన్ పెట్టాలి, చిరుగులు చూడాలి. పోయిన నెత్తురును కొలిచి, ఇవన్నీ ఒకేసారి చేస్తే ఏమవుతుందో ఆఫ్రికాలోని 4 దేశాల్లో సుమారు 80 ఆసుపత్రుల్లో పరీక్షించారు. తీవ్ర రక్తస్రావం, దానికోసం పొట్ట కోయడం, దానివల్ల చావు, మూడూ కలిపి 60 శాతం తగ్గాయని 2023లో తేలింది.

అప్పటికీ ఆగకపోతే? ఆపరేషన్‌కు గైనిక్ డాక్టరు కావాలి. మత్తు డాక్టరు కావాలి. ఆపరేషన్ జరుగుతున్నంతసేపూ ఊపిరినీ, బీపీనీ కాచుకునేది ఆయనే. గ్రూపు చూసే ల్యాబు కావాలి, నెత్తురిచ్చే బ్లడ్ బ్యాంకు కావాలి. ఇందులో ఒక్కరు లేకున్నా మిగతావాళ్ళ చదువంతా వృథా. అప్పుడు మన చేతిలో పెట్టేది 'పెద్దాసుపత్రికి తీసుకుపోండి' అనే చీటీ. నెత్తురు దారిలోనే పోతుంది.

చావులు తగ్గాయంటారు. తగ్గాయి, నిజమే. 2018-20లో బతికి పుట్టిన లక్ష మంది బిడ్డలకు దేశంలో 97 మంది తల్లులు చనిపోతే ఆంధ్రప్రదేశ్‌లో 45, తెలంగాణలో 43. కానీ ఆ పట్టికలో రాష్ట్రాల పేర్లే ఉన్నాయి, కులం గడి లేదు. మాలపల్లెలో, మాదిగవాడలో, తండాలో పోయినవాళ్ళెందరు? చెప్పరు.

గర్భిణి కూలితల్లికి వేతనంతో విశ్రాంతి ఇవ్వడం దేశానికే మేలని బాబాసాహెబ్ 1928లోనే బొంబాయి శాసనమండలిలో వాదించాడు. మనం అడిగేది దయ కాదు. 2011 నుంచి జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద సర్కారు ఆసుపత్రిలో కాన్పు, ఆపరేషన్, మందులు, నెత్తురు, రాకపోకల బండి అన్నీ ఉచితం. కాన్పు ఆపరేషన్లు చేసే రిఫరల్ ఆసుపత్రిలో నెత్తురు నిల్వ ఉండాలన్నది సర్కారు పెట్టుకున్న రూలే.

కార్యకర్తలారా! నెలలు నిండకముందే మీ దగ్గరి ఆసుపత్రికి పోయి అడగండి: రాత్రిపూట మత్తు డాక్టరున్నాడా? నెత్తురు నిల్వ ఉందా? లేకపోతే ఎక్కడికి పంపుతారు, ముందే ఫోన్ చేస్తారా? జవాబు రాతలో తీసుకోండి. వాడలో ఎవరి గ్రూపు ఏదో రాసిపెట్టుకోండి. నెత్తురుకు గ్రూపే ఉంది, కులం లేదు. ఇవ్వడానికి మనం సిద్ధం. ఎక్కించే జట్టును నిలబెట్టాల్సింది సర్కారు!