వాటాల ఇంట్లో ఉత్తరాల బట్వాడా

పాతకాలపు వాటాల ఇళ్లు గుర్తున్నాయిగా! ముందు గదుల్లో ఇల్లుగలాయన, వెనకవైపు నాలుగు వాటాలు. ఎవరి వంటిల్లు వాళ్లది, ఎవరి తాళంచెవి వాళ్లది. నుయ్యి మాత్రం ఒకటే, వీధిగుమ్మం ఒకటే. ఇవాళ బ్యాంకులూ, ఆస్పత్రులూ, రైలు టికెట్లమ్మే సంస్థలూ వాడే పెద్ద కంప్యూటర్లలో చాలావాటి కాపురం ఇలాగే ఉంటుంది.

చూడ్డానికి ఒకటే కంప్యూటరు. లోపల పదో ఇరవయ్యో కంప్యూటర్లు! ప్రతిదీ తనకో ప్రాసెసర్, తనకో మెమరీ, తనకో డిస్కు ఉన్నాయనే అనుకుంటుంది. నిజానికి అవన్నీ పెద్ద యంత్రం నుంచి పంచి ఇచ్చిన ముక్కలు. వీటినే వర్చువల్ మిషన్లు అంటారు. వాటికి చోటిచ్చిన పెద్ద యంత్రం హోస్ట్, అంటే మన ఇల్లుగలాయన. ఆలోచన కొత్తదేం కాదు. ఐబీఎం 1972లోనే వీఎం/370 అనే సాఫ్ట్‌వేర్‌ని ప్రకటించింది. ఇప్పుడు అందరి నోటా వినిపించే 'క్లౌడ్' అనే మాట వెనక ఉన్నది చాలావరకు ఇదే. అమెజాన్ 2022 నవంబరులో హైదరాబాద్‌లో ప్రారంభించిన డేటా కేంద్రాల్లో అద్దెకిచ్చేవాటిలో ఇలాంటి వాటాలు బోలెడు.

చిక్కల్లా ఒక్కటే. పక్కపక్క వాటాల్లో ఉండేవాళ్లు ఒకరికొకరు తెలియదు. మీ ఖాతా లెక్కలు చూసే ప్రోగ్రాం ఒక వాటాలో ఉంటే, పక్క వాటాని ఎవరో దొంగ బుద్ధితోనే అద్దెకు తీసుకుని ఉండొచ్చు. అందుకని గోడలు గట్టిగా కడతారు. మరీ గట్టిగా కట్టేస్తే ఇల్లుగలాయనతో మాట్లాడేదెలా? 'బ్యాకప్ తీస్తున్నాను, కాసేపు డిస్కు మీద ఏమీ రాయకు' అని హోస్ట్ చెప్పాలి. 'నేను బాగానే పనిచేస్తున్నా' అని వర్చువల్ మిషన్ జవాబివ్వాలి. మామూలు నెట్‌వర్క్ మీద కూడా మాట్లాడుకోవచ్చు. కాకపోతే ఐపీ అడ్రసులు ఇవ్వాలి, ఫైర్‌వాల్‌లో దారి వదలాలి. అద్దెకున్నాయన తన నెట్‌వర్క్ సెట్టింగులు చెడగొట్టుకుంటే ఆ మాటలూ బందే.

అందుకే గోడలో ఒక చిన్న కిటికీ పెట్టారు. దాని పేరు వీసాక్. వీఎంవేర్ సంస్థ తయారుచేసిన పద్ధతి 2013లో లినక్స్‌లో చేరింది. వేరే రకం వర్చువల్ మిషన్లకూ పనికొచ్చేలా 2016లో లినక్స్ 4.8తో ఇంకో పద్ధతి వచ్చింది. ఆ కిటికీ దగ్గర కూర్చుని ఉత్తరాలు అందుకునీ అందించే గుమాస్తా పేరు వీహోస్ట్-వీసాక్ డ్రైవర్.

డ్రైవరంటే కారు తోలేవాడు కాదండోయ్! ప్రింటర్ కొంటే పెట్టెలో ఒక సీడీ వచ్చేది కదా, దాంట్లో ఉండేదీ డ్రైవరే. కంప్యూటర్‌కీ దానికి తగిలించిన వస్తువుకీ మధ్య దుబాసీ పని చేసే ప్రోగ్రాం అది. ఇక్కడ తగిలించిన వస్తువు నిజంగా లేదు. అదీ కల్పితమే!

ఆకాశరామన్నలకు చోటు లేదు

ఈ ఇంట్లో వాటాలకు నంబర్లుంటాయి. ఇల్లుగలాయనది ఎప్పుడూ 2. 0, 1 నంబర్లు వేరే పనులకు అట్టేపెట్టారు. అద్దెవాళ్లకు 3 నుంచి మొదలు. ప్రతి ఉత్తరం మీదా 44 బైట్ల చిరునామా చీటీ ఉంటుంది. ఎవరి దగ్గర్నుంచి, ఎవరికి, లోపల సరుకెంత, ఇది కొత్త పలకరింపా, పాత సంభాషణకు కొనసాగింపా, ముగింపా... అన్నీ అందులోనే. వర్చువల్ మిషన్ ఆ ఉత్తరాన్ని ఇద్దరికీ కనబడే మెమరీలో పెట్టి తలుపు తడుతుంది. ఈ తట్టడాన్ని ఇంజినీర్లు 'కిక్' అంటారు. తన్నడమన్నమాట. వాళ్ల భాష కాస్త మొరటు!

డ్రైవర్ మొదట ఆ చీటీని తన సొంత మెమరీలోకి నకలు రాసుకుంటుంది. ఎందుకంటే, ఇద్దరూ అందుకోగలిగిన బల్ల మీదే ఉంచి చదివితే, తనిఖీ అయ్యాక అవతలివాడు చీటీ మార్చేయవచ్చు. నకలు రాసుకున్నాక సరుకు బరువు చూస్తుంది. 64 కిలోబైట్లు దాటితే పక్కన పారేస్తుంది. ఆ తర్వాతది అసలు పరీక్ష.

మన పోస్టులో 'ఫ్రమ్' అడ్రసు ఎవరైనా ఏమైనా రాయొచ్చు. ఊళ్లో ఆకాశరామన్న ఉత్తరాలు అలాగే పుడతాయి. పోస్ట్‌మ్యాన్‌కి పంపినవాడెవరో తెలిసే దారి లేదు. ఈ డ్రైవర్‌కి మాత్రం తెలుసు! ఎందుకంటే ఒక్కో వాటాకీ విడిగా ఒక్కో డబ్బా ఉంది. 5వ నంబరు వాటా డబ్బాలోంచి తీసిన ఉత్తరం మీద 'పంపినవారు: 7' అని ఉందనుకోండి. ఆ ఉత్తరం 7కీ చేరదు, ఇల్లుగలాయనకూ చేరదు, అక్కడికక్కడే చెత్తబుట్టలోకి. కాగితం మీద రాసినదాన్ని కాదు, అది వచ్చిన దారిని నమ్ముతుంది. డ్రైవర్ ప్రోగ్రాంలో ఈ పని జరిగేది ఒకే ఒక్క పోలికలో. నా దృష్టిలో మొత్తం ఏర్పాటుకి ప్రాణం అదే. అది లేకపోతే 5వ వాటావాడు 7వ వాటా పేరు చెప్పి, 'నా డిస్కు నకలు ఫలానాచోట పెట్టండి' అని హోస్ట్‌ని అడగొచ్చుగా!

అదే పోలికలో రెండో సగం కూడా ఉంది. ఉత్తరం ఎవరికి వెళ్లాలి? జవాబు 2 అయితేనే లోపలికి. 5వ వాటా నేరుగా 7వ వాటాకి రాస్తే ఈ డ్రైవర్ చేరవేయదు. పక్కింటావిడతో పిట్టగోడ మీంచి కబుర్లు ఇక్కడ కుదరవు. ఇక ఇల్లుగలాయన రాసే ఉత్తరాలకు, నంబర్ల పట్టిక తిరగేసి ఆ వాటా ఉందో లేదో చూస్తుంది. ఉంటే అందిస్తుంది, లేకపోతే లేదని చెబుతుంది.

మరో ముచ్చట. ఎవరైనా ఉత్తరాలు గుట్టలు గుట్టలుగా పంపి గుమాస్తాని ఉక్కిరిబిక్కిరి చేస్తే? చీటీ మీదే 'నా దగ్గర ఇంత జాగా ఉంది, ఇప్పటికి ఇంత ఖాళీ చేశాను' అనే రెండు అంకెలుంటాయి. అవతలివాళ్లు ఆ లెక్క చూసుకునే పంపాలి.

ఈ కిటికీ మీద పూర్తిగా ఆధారపడేవాళ్లూ ఉన్నారు. అమెజాన్ 2020లో అందరికీ అందుబాటులోకి తెచ్చిన నైట్రో ఎన్‌క్లేవ్స్‌లో రహస్య సమాచారంతో పనిచేసే చిన్న వర్చువల్ మిషన్‌కి ఇంటర్నెట్ ఉండదు, శాశ్వతమైన డిస్కు ఉండదు. బయటికి మాట పోయే దారి వీసాక్ ఒక్కటే. 2022లో వచ్చిన ఆండ్రాయిడ్ 13 నుంచి కొన్ని ఫోన్లలో కూడా రహస్యమైన పనులకు చిన్న వర్చువల్ మిషన్‌ని వేరుగా నడిపే వీలుంది. అక్కడా కబుర్లు వీసాక్ మీదే.

గుమాస్తా తడబడితే

హోస్ట్ తరఫున పనిచేసే ప్రోగ్రాంలో లోపముంటే గోడ ఎంత గట్టిగా ఉన్నా లాభం లేదు. 2015లో జేసన్ గెఫ్నర్ అనే పరిశోధకుడు క్యూఈఎంయూ అనే సాఫ్ట్‌వేర్‌లో ఒక కన్నం కనిపెట్టాడు. ఎక్కడో తెలుసా? ఫ్లాపీ డ్రైవ్‌ని అనుకరించే భాగంలో! అప్పటికి ఫ్లాపీ ఎవరు వాడుతున్నారు కనుక? అయినా ఆ పాత గుమ్మం మూయలేదు. 512 బైట్లు పట్టే చోట అంతకు మించి కుక్కి, వర్చువల్ మిషన్‌లోంచి హోస్ట్‌లోకి దూరే అవకాశం 2004 నుంచీ అక్కడే ఉంది. దానికి వెనమ్ అని పేరు పెట్టారు. విషమే మరి.

వీసాక్‌కీ దెబ్బలు తగిలాయి. 2019 నవంబరులో రకరకాల కిటికీలను ఒకే యంత్రంలో వాడుకునేలా మార్పులు చేసినప్పుడు కొన్ని తప్పులు దొర్లాయి. తాళం వేయకముందే లోపలి వివరం చదివేయడం వాటి సారాంశం. ఆ యంత్రంలో మామూలు ఖాతా ఉన్న మనిషి దానికి సర్వాధికారి కాగలిగే ప్రమాదం అది. అలెగ్జాండర్ పోపోవ్ 2021లో దాన్ని బయటపెట్టి, సవరణ కూడా తనే రాసి పంపాడు.

మన బట్వాడాకి బాగా దగ్గరగా వచ్చింది మాత్రం 2018 నాటి లోపం. ఒక వాటా ఖాళీ అవుతోంది. దాని వివరాలు పట్టికలోంచి కొట్టేసి, ఆ మెమరీని డ్రైవర్ విడుదల చేస్తోంది. సరిగ్గా అదే క్షణంలో, అదే డ్రైవర్ తరఫున ఇంకో ప్రాసెసర్ ఆ వాటాకి ఉత్తరం తీసుకుని బయల్దేరి ఉంది. దాని చేతిలో ఉన్నది పాత చిరునామా. వెళ్లేసరికి అక్కడ ఇంకేదో ఉండొచ్చు. ఆ సందులో హోస్ట్ మెమరీలోంచి 4 బైట్లు బయటికి పొక్కవచ్చని, వేరేవాళ్లకు వెళ్లాల్సిన సందేశాలు మధ్యలో చిక్కడమో పాడవడమో కూడా జరగవచ్చని తేలింది. నాలుగు బైట్లేగా అనుకోకండి. అదే పని మళ్లీ మళ్లీ చేయడానికి కంప్యూటర్‌కి విసుగుండదు.

సవరణ ఏమిటంటే, పట్టికని కొత్త పద్ధతిలో రాసుకోవడం. వాటా పేరు ముందు పట్టికలోంచి తీసేస్తారు, కొత్తగా ఎవరూ చూడకుండా. అప్పటికే ఆ చిరునామా పట్టుకుని బయల్దేరిన ప్రాసెసర్లన్నీ పని ముగించేదాకా ఆగుతారు. ఆ తర్వాతే మెమరీ వదులుతారు. 2018 డిసెంబరులో ఈ మార్పు లినక్స్‌లో చేరింది. వర్చువల్ మిషన్‌ని ఆపినప్పుడు ఈ ఎదురుచూపు ఎంతసేపో మీరు లెక్కపెట్టలేరు. రెప్పపాటులో అయిపోతుంది.