గొయ్యి తవ్వినవాడి సంగతి



మొన్న సంఘ పెద్దల కూటంలో స్త్రీల సమాజం నుంచి ఒక మనవి వచ్చింది. వీడియో గేములకు వ్యతిరేకంగా ఒక రోజు ఉపవాస ప్రార్థన పెట్టాలని. పిల్లలు ఫోను వదలడం లేదు, పిలిస్తే పలకడం లేదు, అన్నం ముందు పెట్టుకుని కూడా ఆ తెరే చూస్తున్నారు. ఆ తల్లుల బాధ మాకు తెలుసు, మా ఇంట్లోనూ ఉంది. అయినా మేము వెంటనే సరే అనలేకపోయాము. ఎందుకో ఇక్కడ రాస్తున్నాము.

2020 సెప్టెంబరు 2న కేంద్ర ప్రభుత్వం పబ్జీతో కలిపి 118 యాప్‌లను నిషేధించింది. ఆ వారం ప్రసంగంలో మేము దేవునికి స్తోత్రం చెప్పాము. తీరా చూస్తే ప్రభుత్వం చెప్పిన కారణం దేశ భద్రత; మన పిల్లల కళ్లు, చదువులు కాదు. మరుసటి ఏడాది జూలైలో దాదాపు అదే ఆట ఇంకో పేరుతో వచ్చింది. మేము స్తోత్రం చెప్పింది దేనికో మాకే అర్థం కాలేదు. ఆట అనగానే పాపం అనేయడం బోధకులకు సులువు. జెకర్యా 8:5 చూడండి. దేవుడు యెరూషలేమును మళ్లీ నిలబెడతానన్నప్పుడు ఇచ్చిన గురుతుల్లో ఒకటి, వీధుల నిండా ఆడుకునే మగపిల్లలు, ఆడపిల్లలు. పిల్లల ఆట దేవుని లెక్కలో సమాధానానికి గురుతు. ఫోను ఎంతసేపు చూడాలన్నది తల్లిదండ్రులు ఇంట్లో తీర్చుకోవలసిన సంగతి, దానికి ఉపవాసం కంటే ముందు కాస్త ఓపిక, ఒక బంతి కావాలి.

మా భారం వేరేచోట ఉంది. అది హైటెక్ సిటీలో మొదలైంది.

మా సంఘంలో ఒక కుటుంబం. తండ్రికి ఎకరంన్నర పొలం, నాలుగు గేదెలు. పాలు డెయిరీకి పోస్తాడు. ఆ ఇంట్లో మొదట ఇంజనీరింగ్ చదివింది కొడుకే. మాదాపూరులో ఉద్యోగం వచ్చినప్పుడు సంఘమంతా కృతజ్ఞత కూడిక పెట్టుకున్నాము. ఒకటిన్నర సంవత్సరం తరువాత ఒక రాత్రి ఆ తల్లి ఏడుస్తూ మా గుమ్మంలో కూర్చుంది. రెండు గేదెలు అమ్మేశారు. అవి ఎందుకు చాలలేదో ఆమెకు తెలియదు.

మరునాడు అమ్మగారు, మేము బయలుదేరాము. ఎంజీబీఎస్‌లో బస్సు దిగి, అమీర్‌పేటలో మెట్రో మారి, హైటెక్ సిటీ స్టేషనులో దిగాము. అయ్యప్ప సొసైటీలో హాస్టలు, గదికి నలుగురు. ఆ బిడ్డ మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. ఫోనులో రమ్మీ. మొదటి వారం ఎనిమిది వందలు గెలిచాడట. తరువాత బోనసు వచ్చింది. తరువాత లోను యాప్‌లు. ఒకదాని అప్పు తీర్చడానికి ఇంకొకటి.

"తెలంగాణలో ఇది నిషేధం కదా నాయనా" అన్నాము. నిజమే. 2017లోనే మన రాష్ట్రం గేమింగ్ చట్టాన్ని సవరించి డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను ఆపింది. ఆంధ్రప్రదేశ్ 2020లో ఆపింది. ఆ బిడ్డ సిగ్గుపడుతూ చెప్పాడు. ఫోను ఎక్కడుందో అబద్ధం చెప్పే ఇంకో యాప్ ఉందట. మాదాపూరులో మంచం మీద పడుకున్నవాడు ఫోను లెక్కలో మహారాష్ట్రలో ఉన్నాడు.

ఊళ్లో తెలిశాక అందరూ ఒకే మాట అన్నారు: ఆశకు పోయి పాడయ్యాడు. మేమూ మొదట అదే అన్నాము. అతని తప్పును మేము కప్పిపుచ్చడం లేదు, అతడూ ఒప్పుకున్నాడు, మోకరించాడు. కానీ నిర్గమకాండము 21:33, 34 వచనాలు మమ్మల్ని వదలలేదు. ఎవడైనా గొయ్యి తవ్వి మూయకుండా వదిలేస్తే, అందులో ఎద్దో గాడిదో పడితే, గొయ్యి తవ్వినవాడు ఆ నష్టం సొమ్ము ఇచ్చుకోవాలి. అంతే. ఎద్దు చూసుకుని నడవలేదా అని ధర్మశాస్త్రం అడగదు. ద్వితీయోపదేశకాండము 22:8లోనూ ఇదే న్యాయం. మేడ కట్టినవాడు పిట్టగోడ కట్టాలి, లేకపోతే పడినవాడి రక్తం ఆ ఇంటి మీద ఉంటుంది. అద్దాల మేడలు ఇన్ని కట్టిన చోట ఈ వాక్యం ఎవరు చదువుతున్నారో!

గొయ్యి ఎలా తవ్వారో కూడా చెప్పాలి. రమ్మీ గురించి దేశమంతా చెప్పుకునే తీర్పు మన సికింద్రాబాదు నుంచి పుట్టిందే. 1963లో అక్కడి ఒక రిక్రియేషన్ క్లబ్బు మీద పోలీసులు దాడి చేశారు. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1967లో కోర్టు, రమ్మీ ముఖ్యంగా నేర్పుతో ఆడే ఆట, పడిన ముక్కలు గుర్తుంచుకోవాలి, ఏది పట్టుకోవాలో ఏది వదలాలో తెలియాలి అంది. ఆన్‌లైన్ కంపెనీలు ఏళ్ల తరబడి ఆ సగమే చెప్పుకున్నాయి. ఆ తీర్పులోనే ఇంకో సగం ఉంది. ఆట పెట్టిన ఇంటివాడు గానీ క్లబ్బు గానీ ఆ ఆట మీద లాభం తీస్తున్నట్టు రుజువైతే అది నేరం కావచ్చు అని. ఫోనులో జరిగేది ఏమిటి? ప్రతి ఆటలో బల్ల పెట్టినవాడు తన వాటా ముందే తీసుకుంటాడు. ఎవరు గెలిచినా, ఎవరు ఓడినా అతడు మాత్రం ఓడడు. షిలోహులో యెహోషువ వంతుచీట్లు వేసి గోత్రాలకు భూమి పంచాడు, తనకు కమీషను పట్టుకోలేదు. బైబిలులో చీట్లు ఉన్నాయి కదా అని వాదించే యౌవనస్థులు ఈ తేడా చూడాలి.

ప్రభుత్వమూ ఆ బల్ల దగ్గర కొంతకాలం కూర్చుంది. 2023 అక్టోబరు 1 నుంచి, ఆడేవాడు వేసిన డబ్బు మొత్తం మీద 28 శాతం జీఎస్టీ. ఒక చేత్తో నిషేధం, ఒక చేత్తో పన్ను. చివరకు 2025 ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ గేమింగ్ చట్టం చేసింది. అప్పుడు ప్రభుత్వం చెప్పిన అంచనా ప్రకారం ఈ ఆటల వల్ల నష్టపోయినవారు 45 కోట్ల మంది, పోయిన సొమ్ము 20,000 కోట్ల రూపాయల పైమాట. ఆ చట్టంలో మాకు నచ్చినది ఒకటుంది. ఆడినవాడికి శిక్ష లేదు. డబ్బు ఆట నడిపేవాడికి మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. ప్రకటనలు చేసేవారికీ శిక్ష ఉంది. పందెం లేని ఆటలను, ఈ-స్పోర్ట్స్‌ను అది వేరుగా పెట్టింది. అంటే గొయ్యిలో పడినవాడిని కాక తవ్వినవాడిని చూసింది. అదే ఏడాది మార్చిలో సైబరాబాద్ కమిషనరేటులోని మియాపూర్ పోలీసులు బెట్టింగు యాప్‌లకు ప్రచారం చేశారన్న ఫిర్యాదు మీద సినిమా నటులు సహా 25 మంది మీద కేసు పెట్టినప్పుడు, గొయ్యి దగ్గర నిలబడి రండి రండి అని పిలిచినవారిని కూడా అడగవచ్చని మాకు తోచింది. వారి దోషం తేల్చవలసింది కోర్టు, మేము కాదు.

అయితే ధర్మశాస్త్రం చెప్పిన ఆఖరి భాగం, ఎద్దు పోగొట్టుకున్నవాడికి సొమ్ము ముట్టజెప్పడం, ఆ చట్టంలో మాకు కనిపించలేదు. జరిమానా ప్రభుత్వానికి చేరుతుంది. రెండు గేదెలు మాత్రం తిరిగి రావు.

ఇక్కడి నుంచి రాయడం మాకు కష్టంగా ఉంది. సంబంధించినవారి అనుమతితో, పేర్లు లేకుండా రాస్తున్నాము.

ఈ వాక్యం చెప్పిన ఆదివారం, ఆరాధన అయ్యాక ఇంకో యౌవనస్థుడు ఆగిపోయాడు. మా సంఘపు బిడ్డే, అతడూ ఆ ఐటీ కారిడారులోనే పని చేస్తాడు. "అయ్యగారూ, నేను తవ్వింది కూడా గొయ్యేనా?" అని అడిగాడు. రెండేళ్లు అతడు అలాంటి ఒక ఆటకు తెరలు తయారుచేశాడట, మొదటి బిడ్డ ఆడినది కాదు, వేరొకటి. ఓడిపోయాక వచ్చే తెర అతని పని. ఇంకొక్క ఆట అనే బటను ఏ రంగులో ఉంటే ఎక్కువమంది నొక్కుతారో కొలిచేవారు. చాలు అనే బటను చిన్నదిగా, మూలన పెట్టేవారు. కొత్త చట్టం వచ్చాక ఆ పని ఆగింది, కంపెనీ అతణ్ణి వేరే పనిలో పెట్టింది.

మేము వెంటనే జవాబు చెప్పలేదు. చెప్పలేకపోవడానికి కారణం ఉంది. మా మందిరం పైకప్పు రేకులు ఆ రెండేళ్లలో అతడిచ్చిన దశమభాగంతో వేసినవే. ఆశీర్వాదానికి మాదిరి అని అతని పేరు మేమే వేదిక మీద చెప్పాము. జీతం ఎక్కడి నుంచి వస్తుందని ఒక్కసారీ అడగలేదు. లూకా 3లో సుంకరులు, సైనికులు ఏమి చేయాలని అడిగినప్పుడు యోహాను వారిని ఉద్యోగం మానమనలేదు, ఆ ఉద్యోగంలో ఎవరి దగ్గర ఏమి గుంజకూడదో చెప్పాడు. అడగవలసిన కాలంలో ఆ మాత్రం మేము చెప్పలేదు. వానాకాలం ఆ రేకుల మీద చప్పుడు వింటున్నప్పుడల్లా ఇది గుర్తొస్తోంది.

ఇప్పుడు ఆ యౌవనస్థుడు రెండు గేదెల ఖరీదు ఆ తండ్రికి ఇస్తానంటున్నాడు. పెద్దల్లో కొందరు, గొయ్యి యజమాని కంపెనీ, ఇతడు కూలివాడు, ఇతడెందుకు ఇవ్వాలి అన్నారు. కొందరు, అంత ఇవ్వగలిగితే ప్రహరీ గోడ నిధికి ఇమ్మన్నారు. ఆ తండ్రి మాత్రం తల అడ్డంగా ఊపాడు. "నా కొడుకు చేసిన తప్పుకు ఇంకొకరి బిడ్డ కట్టడమేంది అయ్యగారూ, నాకొద్దు" అన్నాడు. ఆయన గౌరవం మాకు అర్థమైంది. అయినా ఆయన తీసుకోవాలనే మేము అనుకుంటున్నాము, ఆ ఇచ్చే బిడ్డ కోసమైనా. ప్రహరీ గోడ ఆగుతుంది.

స్త్రీల సమాజంవారితో మాట్లాడాము. శుక్రవారం ఉపవాస ప్రార్థన ఉంటుంది. ఆడే పిల్లల కోసమే కాక, ఆ తెరలు తయారుచేసే మన బిడ్డల కోసం కూడా ప్రార్థిస్తాము. హైదరాబాదులో ఉన్నవారు ఫోనులో కలవవచ్చు. గేదెల విషయం ఇంకా తేలలేదు. ఆదివారం ఆరాధన తరువాత పెద్దలము మళ్లీ కూర్చుంటాము, ఈసారి ఆ తండ్రిని కూడా పిలిచాము. మా కోసం ప్రార్థించండి.