బొమ్మ రాకపోతే డిస్‌ప్లే మార్చేయడమేనా? 40 ఏళ్ల నాటి కంప్యూటర్ నాకు నేర్పిన పాఠం

‘డిస్‌ప్లే పోయింది, మార్చాలి.’ ఫోన్ రిపేర్ షాపుకి వెళ్తే మనం ఎక్కువగా వినే మాట ఇదే. ఫోన్ పట్టుకుని అర నిమిషం చూస్తారు, రేటు చెప్తారు. అసలు పోయింది డిస్‌ప్లేనా, ఇంకేదైనానా అని మనమూ అడగం. ఒకవేళ అడిగినా సమాధానం రాదు.

వాళ్లని తిట్టడానికి ఇది రాయట్లేదు. ఎందుకంటే ఈ మధ్య నేనూ సరిగ్గా అదే పని చేశాను. ఫోన్‌కి కాదు, ఒక పాత బీబీసీ మైక్రో కంప్యూటర్‌కి. పరీక్ష పూర్తి చేయకుండా పార్ట్ కొన్నాను. 4,500 రూపాయలు వదిలాయి.

ఈ మెషీన్ మన దగ్గరికి ఎలా వచ్చింది?

బీబీసీ మైక్రోని బ్రిటన్‌లో ఎకార్న్ అనే కంపెనీ 1981 డిసెంబర్‌లో విడుదల చేసింది. 2 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్, మోడల్ బీ అయితే 32 కేబీ ర్యామ్. మెగాబైట్ కాదు, కిలోబైటే. మానిటర్ ఉండదు, టీవీకి తగిలించుకోవాలి. 1984-85లో కేంద్ర ప్రభుత్వం ‘క్లాస్’ అనే కంప్యూటర్ అక్షరాస్యత పథకం మొదలుపెట్టి, దేశంలోని పాఠశాలలకు ఇచ్చింది ఈ మెషీన్లే. ఆ తరంలో చాలామంది మొదటిసారి చూసిన కంప్యూటర్ ఇదే అయి ఉంటుంది.

ఫోన్ల సైట్‌లో దీని గురించి ఎందుకంటారా? బీబీసీ మైక్రో డిజైన్ చేసిన సోఫీ విల్సన్, స్టీవ్ ఫర్బర్‌లే తర్వాత ఆర్మ్ ప్రాసెసర్‌ని డిజైన్ చేశారు. 1985 ఏప్రిల్‌లో తయారైన మొదటి ఆర్మ్ చిప్‌ని పరీక్షించింది కూడా బీబీసీ మైక్రోకి తగిలించే. ఇప్పుడు మీ చేతిలో ఉన్న ఫోన్‌లో ఉన్నది ఆ వంశం ప్రాసెసరే. ఒక రకంగా ఈ పెట్టె మీ ఫోన్‌కి తాత.

మా మామ వరంగల్‌లో ఒక స్కూల్లో లెక్కల టీచర్‌గా చేసి రిటైర్ అయ్యాడు. స్కూలు వాళ్లు ఈ మెషీన్‌ని తుక్కు కింద తీసేస్తుంటే అడిగి తెచ్చుకున్నాడు. పాలంపేటలో ఇంటి అటక మీద పాతికేళ్లు పైగా ఉంది. మొన్న దసరాకి వెళ్లినప్పుడు దించి, దుమ్ము దులిపి నా ముందు పెట్టాడు. ‘నువ్వు గీ ఫోన్ల గురించి గంత రాస్తవ్ కద, దీన్ల బొమ్మ రప్పియ్యి సూద్దాం’ అన్నాడు.

చెవితో మొదలుపెట్టాలి

పాత మెషీన్ ఆన్ చేసే ముందు ఒక హెచ్చరిక. దీని పవర్ సప్లైలో కరెంటు లోపలికొచ్చే చోట గోధుమ రంగు కెపాసిటర్లు ఉంటాయి. ఏళ్లు గడిస్తే పైపూత పగిలి, ఆన్ చేసిన కాసేపటికి దట్టమైన పొగ, ఘాటు వాసన వస్తాయి. మాది తెరిస్తే పైనంతా పగుళ్లే. మెయిన్స్ వైపు పని తెలిసిన టీవీ మెకానిక్ చేత ముందే కొత్తవి వేయించాను. ఆ డబ్బా మీరు సొంతంగా తెరవొద్దు. ప్లగ్ తీసినా లోపల చార్జ్ మిగిలి ఉంటుంది.

ఇక పరీక్ష. బీబీసీ మైక్రో ఆన్ చేయగానే ముందు లావుగా ‘బూ’ అని, వెంటనే సన్నగా ‘బీప్’ అని మోగుతుంది. ‘బూ’ ఆగకుండా మోగుతూనే ఉంటే మెషీన్ అసలు లేవలేదని అర్థం. అప్పుడు స్క్రీన్‌ని అనుమానించి లాభం లేదు. బీప్ కూడా వచ్చిందంటే ప్రాసెసర్, రామ్, రోమ్ చాలావరకు బాగున్నట్టే. సమస్య వీడియో భాగంలోనో, కేబుల్‌లోనో, టీవీలోనో ఉంది. స్క్రీన్ చూడకుండానే సగం రోగం తేలిపోయింది చూడండి.

మా దాంట్లో బీప్ వచ్చింది. బొమ్మ మాత్రం లేదు. టీవీ ‘నో సిగ్నల్’ అంటోంది.

మొదటి తప్పు టీవీ కేబుల్‌ది. వెనక ఉన్న వీడియో సాకెట్ బీఎన్‌సీ రకం. అదృష్టవశాత్తు సీసీటీవీ కెమెరాలకి వాడేదీ అదే కాబట్టి, కన్వర్టర్ పిన్ను ములుగులోనే సీసీటీవీ సామాన్లమ్మే షాపులో దొరికింది. ఇప్పటి ఎల్‌ఈడీ టీవీల్లో ఏవీ ఇన్‌పుట్ హెడ్‌ఫోన్ జాక్‌లా ఉంటుంది. దానికి వాడే మూడు రంగుల కేబుళ్లన్నీ ఒకేలా ఉండవు. కొన్నిట్లో వీడియో పసుపు పిన్నులో కాకుండా ఎరుపులోనో తెలుపులోనో వస్తుంది. పసుపు తీసి ఎరుపులో పెట్టాను. బొమ్మ వచ్చింది. పైసా ఖర్చు లేదు.

వచ్చింది కానీ నిలవలేదు. అక్షరాలు చెదిరిపోయి, గీతలు అలల్లా కదులుతూ, పది నిమిషాలకి మొత్తం నల్లగా అయిపోయింది.

అసలు తప్పు నాది

ఇక్కడ ఒక మంచి పరీక్ష ఉంది. ఈ కంప్యూటర్ ఆన్ అవగానే మోడ్ 7లో ఉంటుంది. ఆ మోడ్‌లో అక్షరాలు తయారుచేయడానికి ఎస్‌ఏఏ5050 అనే టెలిటెక్స్ట్ చిప్ విడిగా ఉంది. మిగతా మోడ్‌లలో ఆ చిప్‌కి పని లేదు, వీడియో యూఎల్‌ఏ అనే చిప్పే బొమ్మ గీస్తుంది. కాబట్టి స్క్రీన్ మీద ఏమీ కనపడకపోయినా ‘మోడ్ 4’ అని టైప్ చేసి రిటర్న్ కొట్టాలి. అప్పుడు శుభ్రంగా బొమ్మ వస్తే అనుమానం టెలిటెక్స్ట్ చిప్ మీద. మోడ్ 7 బాగుండి మిగతావి చెడితే యూఎల్‌ఏ మీద.

మా దాంట్లో రెండూ చెడాయి. అంటే రెంటికీ ఉమ్మడిగా ఉన్నదేదో చెడిందని కదా అర్థం? నేను అలా ఆలోచించలేదు. యూఎల్‌ఏ బాగా వేడెక్కుతుందని, ఎక్కువగా పోయేది అదేనని చదివి ఉన్నాను. ముట్టుకుంటే వేడిగానే ఉంది. ఇంకేం, దొరికిపోయింది అనుకున్నాను. విదేశం నుంచి తెప్పించాను. షిప్పింగ్‌తో కలిపి 4,500. మూడు వారాలు ఆగి, వచ్చాక పెట్టి చూస్తే అవే గీతలు, అవే అలలు.

మామ నన్నేమీ అనలేదు. సాయంత్రం రామప్ప గుడి వైపు నడుస్తుంటే మాత్రం ఒక మాటన్నాడు. ‘గుడిల కంబం ఒరిగితె కంబాన్ని తిడ్తరారా? కింద నేల ఏమైందో సూస్తరు.’ 1213లో కట్టిన ఆ గుడిని ఇసుక నింపిన పునాది మీద నిలబెట్టారు. లోపల నేల ఎగుడుదిగుడు అయిన చోట్లు ఇప్పటికీ కనిపిస్తాయి. కంబాలు పక్కకి జరిగింది కింద కదలిక వల్లే.

ఇంటికొచ్చి మల్టీమీటర్ తీశాను. ఈ చిప్‌లకి 5 వోల్టులు కావాలి. 4.75 కంటే తగ్గకూడదు. బోర్డు మీద చూస్తే 4.52 ఉంది. పవర్ సప్లై నుంచి బోర్డుకి ఎర్ర తీగలు మూడు చోట్ల వచ్చి దిగుతాయి. వాటి క్లిప్పులు నల్లబడి, ఒకటి వదులై ఊగుతోంది. ప్లగ్ తీసేసి, క్లిప్పులు తుడిచి, నొక్కి బిగించి మళ్లీ పెట్టాను. 4.96. బొమ్మ రాయిలా నిలబడింది. పాత యూఎల్‌ఏ తిరిగి పెట్టి చూశాను. అదీ బాగానే పనిచేస్తోంది! దానికి ఏ రోగమూ లేదు.

ఇంకో విషయం. బొమ్మ నలుపు తెలుపులోనే వచ్చింది. ఇది కూడా పోయిందేమో అనుకునేవాణ్ణే కానీ, ఈసారి సర్వీస్ మాన్యువల్ చూశాను. ఆ సాకెట్ నుంచి నలుపు తెలుపు రావడమే దాని డిజైన్. బోర్డు మీద ఎస్39 అనే లింకు కలిపితే రంగులొస్తాయి. అంటే అది రిపేర్ కాదు, సెట్టింగ్.

దీనికీ మీ ఫోన్‌కీ సంబంధం ఏంటి?

చాలా ఉంది. అదే క్రమం మీ ఫోన్‌కీ పనికొస్తుంది.

స్క్రీన్ నల్లగా ఉందా? ఇంకో ఫోన్ నుంచి కాల్ చేయండి. రింగ్ అయిందంటే మీ ఫోన్ ‘బీప్’ కొట్టినట్టే. లోపల ప్రాణం ఉంది.

గీతలు వస్తున్నాయా? స్క్రీన్‌షాట్ తీసి ఇంకో ఫోన్‌కి పంపండి. అక్కడా గీతలు కనిపిస్తే తప్పు స్క్రీన్‌ది కాదు, సాఫ్ట్‌వేర్‌నో లోపలి చిప్‌నో అనుమానించాలి. కనిపించకపోతే ప్యానెల్‌నో, దాని కనెక్టర్‌నో చూడాలి. అమోలెడ్ ఫోన్లలో వచ్చే గ్రీన్ లైన్‌కి కూడా మొదటి పరీక్ష ఇదే.

ఎల్‌సీడీ స్క్రీన్ అయితే చీకట్లో టార్చ్ ఏటవాలుగా కొట్టి చూడండి. లోపల మసకగా బొమ్మ కనిపిస్తే పోయింది బ్యాక్‌లైట్ భాగమే.

టచ్ దానంతట అదే పిచ్చిగా పనిచేస్తోందా? చార్జింగ్‌లో ఉన్నప్పుడే అలా అవుతుంటే ముందు చార్జర్ మార్చి చూడండి. నా 4,500 రూపాయల పాఠం ఇదే: పవర్ చూడకుండా పార్ట్ కొనొద్దు.

అవతలి వాదన కూడా వినాలి

షాపు అతనిది మాత్రం తప్పా? అరగంట పరీక్షించి ‘కనెక్టర్ లూజ్, అంతే’ అని చెప్తే మనం ఎంతిస్తాం? ‘ఏం మార్చలేదు కదా’ అంటాం. పార్ట్‌కి డబ్బులిస్తాం కానీ బుర్రకి ఇవ్వం. అందుకే అతను పార్ట్ మారుస్తాడు. రోగం కనిపెట్టినందుకు నూటయాభయ్యో రెండొందలో ఇవ్వడం మనం అలవాటు చేసుకోవాలి. డాక్టర్‌కి ఫీజు ఇస్తున్నాం కదా.

ఇప్పటి ఫోన్లు పాత కంప్యూటర్లలా స్క్రూలు విప్పితే తెరుచుకోవు, నిజమే. సన్నగా ఉండాలి, నీళ్లు పోకూడదు అని అడిగింది మనమే. చిప్‌లన్నీ చేత్తో పీకి పెట్టుకునేలా చేయమని నేనూ అడగను. కానీ బీబీసీ మైక్రోకి సర్క్యూట్ డయాగ్రామ్‌తో సర్వీస్ మాన్యువల్ ఉంది కాబట్టే, నలభై ఏళ్ల తర్వాత పాలంపేటలో కూర్చుని నేను దాన్ని బాగుచేయగలిగాను. నాలుగేళ్ల క్రితం కొన్న ఫోన్‌కి అలాంటి కాగితం ఒక్కటి చూపించండి!

మన ప్రభుత్వం 2022 డిసెంబర్‌లో రైట్ టు రిపేర్ పోర్టల్ ప్రారంభించింది. మంచిదే. కానీ ఫ్రాన్స్‌లో 2021లోనే స్మార్ట్‌ఫోన్ అమ్మేటప్పుడు దాన్ని ఎంత సులువుగా బాగుచేయొచ్చో పదికి మార్కులు వేసి ధర పక్కనే చూపించాలనే నిబంధన తెచ్చారు. ఇక్కడా అది తప్పనిసరి కావాలి. కొనే ముందు కనిపించని సమాచారం, పాడయ్యాక కనిపించి ఏం లాభం?

మా రివ్యూయర్ల బాధ్యత కూడా ఉంది. కెమెరాకి మార్కులేస్తాం, బ్యాటరీకి వేస్తాం, బాక్స్‌లో చార్జర్ ఇచ్చారా లేదా రాస్తాం. డిస్‌ప్లే మార్చాలంటే ఎంతవుతుందో, మాన్యువల్ దొరుకుతుందో లేదో ఎప్పుడైనా రాశామా? నేనైతే రాయలేదు. ఇకపై నా ప్రతి రివ్యూలో ఆ రెండు లైన్లు ఉంటాయి.

మామ ఇప్పుడు రోజూ సాయంత్రం ఆ కంప్యూటర్ ఆన్ చేసి, పక్కింటి పిల్లలకి ఎక్కాల ప్రోగ్రామ్ రాసి చూపిస్తున్నాడు. నేను కొన్న కొత్త యూఎల్‌ఏ మాత్రం డబ్బాలో అలాగే ఉంది. దాని మీద మామ స్కెచ్ పెన్నుతో ‘ముందు కరెంట్ సూడు’ అని రాసిపెట్టాడు.