అయిదు మ్యాచులు... ఒక్క ఉత్తరం!

మనకు క్రికెట్ ఎలాగో అమెరికన్లకు బేస్‌బాల్ అలాగ. ఆ ఆట రికార్డుల్లో వెల్డీ వాకర్ పేరు పక్కనున్న అంకెలు చూస్తే ఎవరైనా పేజీ తిప్పేస్తారు. ఆడింది 5 మ్యాచులు. బ్యాటు పట్టింది 18 సార్లు, కొట్టిన హిట్లు 4. అంతే!

కానీ అతని కథ ఆ అంకెలతో అయిపోలేదు.

ఒహాయో రాష్ట్రంలోని స్టూబెన్‌విల్‌లో 1860లో పుట్టాడు వెల్డీ. అన్న మోజెస్ ఫ్లీట్‌వుడ్ వాకర్. ఇద్దరూ ఒబర్లిన్ కాలేజీలో చదివారు. 1884లో అన్న టొలీడో జట్టుకి క్యాచర్... అంటే మన వికెట్ కీపర్ లాంటివాడు. ఆ జట్టు ఆడుతున్నది అప్పటి పెద్ద లీగుల్లో ఒకటైన అమెరికన్ అసోసియేషన్‌లో. జులైలో తమ్ముడికీ పిలుపొచ్చింది. పిచ్చర్‌కి దూరంగా, మైదానం చివర్లో కాపుకాసే అవుట్‌ఫీల్డర్ పని. అలా ఇద్దరు నల్లజాతి అన్నదమ్ములు ఒకే జట్టులో ఆడారు.

ఆ ఏడాదితో సరి. పెద్ద లీగుల తలుపులు నల్లవారికి మూసుకుపోయాయి. మళ్లీ తెరుచుకున్నది 1947లో, జాకీ రాబిన్సన్ రాకతో!

చిన్న లీగులూ అదే దారి పట్టాయి. ఒహాయోలోని ట్రై స్టేట్ లీగ్, నల్లవారిని తీసుకోవచ్చన్న నిబంధనను రద్దు చేసిందని 1888లో వెల్డీకి తెలిసింది. వెంటనే లీగ్ అధ్యక్షుడికి ఉత్తరం రాశాడు. 'స్పోర్టింగ్ లైఫ్' పత్రిక మార్చిలో దాన్ని అచ్చువేసింది.

అందులో ఏడుపు లేదు, బతిమాలడం లేదు. ఆట రాకపోతేనో, నడవడి బాగోకపోతేనో వద్దనండి, రంగు చూసి కాదన్నాడు. మనుషులంతా సమానమన్న ఒహాయో చట్టాన్నే మీరు వెక్కిరిస్తున్నారన్నాడు. నల్లవారు టిక్కెట్టు కొంటే ఆ డబ్బు క్లబ్బుల పెట్టెల్లోకే పోతోందిగా! మైదానంలో నల్లవారు కనిపించడమే నేరమని ఇంకో చట్టం కూడా చేసుకోండంటూ చురకేశాడు.

1937లో వెల్డీ కన్నుమూశాడు, రాబిన్సన్ ఆటను చూడకుండానే.

అతను గొప్ప ఆటగాడా? 5 మ్యాచులతో ఎవరి సత్తా తేలుతుంది? ఉత్తరంలో వెల్డీ అడిగిందీ అదే... మా ఆట చూసి తేల్చండి అని!