మందారమణి కట్టడాలు తొలగాల్సిందే

మందారమణి తీరంలో నిబంధనలు దాటి లేచిన హోటళ్లను తొలగించాలి. ఇందులో రెండో మాటకు తావు లేదు. జాతీయ హరిత ట్రిబ్యునల్ 2022 మే నెలలోనే ఆ మాట చెప్పింది. రెండున్నరేళ్లు ఆ ఆదేశం ఫైళ్లలో పడి ఉంది. 2024 నవంబరు 11న తూర్పు మేదినీపూర్ జిల్లా యంత్రాంగం నిద్ర లేచి, దాదాపు 140 హోటళ్లు, లాడ్జీలు, హోమ్‌స్టేలను నవంబరు 20 లోగా కూల్చేయాలని ఉత్తర్వు ఇచ్చింది. బుల్డోజర్లు నడవనివ్వబోమని ముఖ్యమంత్రి మమతా బెనర్జీ అడ్డు నిలిచారు. యజమానులు కలకత్తా హైకోర్టు తలుపు తట్టి స్టే తెచ్చుకున్నారు.

ఖరగ్‌పూర్‌లో ఉన్న మన తెలుగువాళ్లకు ఇది పక్క జిల్లా గొడవ కాదు. 2002 దాకా ఇదంతా ఒకే మేదినీపూర్ జిల్లా. సెలవు దొరికితే గోల్‌బజార్ నుంచి, నింపురా నుంచి, మథురాకాటి నుంచి బయల్దేరే కుటుంబాలకు అందుబాటులో ఉన్న సముద్రం దీఘా, మందారమణి. ఆ హోటళ్ల గదులు నింపినవాళ్లలో మనమూ ఉన్నాం. కాబట్టి ఈ విషయంలో మాట్లాడే హక్కుతో పాటు జవాబు చెప్పాల్సిన బాధ్యత కూడా మనకుంది.

నియమం కొత్తదేమీ కాదు. 1991 నుంచి అమల్లో ఉన్న తీరప్రాంత నియంత్రణ నిబంధనల ప్రకారం గ్రామీణ తీరంలో పోటు రేఖ నుంచి 200 మీటర్ల దాకా కొత్త కట్టడం కూడదు. 2019లో కేంద్రం జనసాంద్రత ఎక్కువగా ఉన్న పల్లెల విషయంలో ఆ దూరాన్ని 50 మీటర్లకు కుదించింది. ఆ సడలింపే తప్పని మేమంటాం. ఒకవేళ దాన్ని ఒప్పుకున్నా, అలలు మెట్లను తాకేలా కట్టిన భవనానికి ఏ లెక్కలో అనుమతి దొరుకుతుంది? పంచాయతీ చూస్తుండగా పునాదులు పడ్డాయి. కరెంటు వచ్చింది, గదుల అద్దె వసూలైంది. అంతా అయ్యాక తొమ్మిది రోజుల గడువుతో కూల్చమనడం పాలన అనిపించుకోదు.

కూల్చితే వేలమంది పొట్ట కొట్టినట్టేనని వాదిస్తున్నారు. గదులు ఊడ్చేవాళ్లు, వంటవాళ్లు, టోటో (ఈ-రిక్షా) నడిపేవాళ్ల బాధ నిజమైనదే, దాన్ని తేలిగ్గా తీసుకోలేం. కానీ ఈ వాదన చేసేవాళ్లు మత్స్యకారుల ఊసెత్తరేం? ఈ తీరంలో హోటళ్లకంటే ముందు నుంచీ ఖోటీలున్నాయి. చలికాలం వచ్చిందంటే పడవలు ఒడ్డుకు చేర్చి, ఇసుక మీద, కర్రల మీద చేపలు ఎండబెట్టుకునే చోట్లు అవి. దాదన్‌పాత్రబాడ్ ఖోటీ వాటిలో ఒకటి. కూల్చివేత జాబితాలోని హోటళ్లు పెద్ద సంఖ్యలో ఆ మౌజాలోనే (రెవెన్యూ గ్రామంలోనే) ఉన్నాయి. ఎండుచేపల వాసన గిట్టని పర్యాటకుడి కోసం చేప ఎండే చోటు కుంచించుకుపోతుంటే, అది ఎవరి ఉపాధి లెక్కలోకీ రావడం లేదు.

ఇసుక దిబ్బల సంగతి ఇంకా ముఖ్యం. మొగలి పొదలు, నేలబారు తీగలు పట్టి ఉంచితేనే దిబ్బ నిలుస్తుంది. తుపాను వేళ పోటును అడ్డుకునేది ఆ దిబ్బే. దాన్ని చదును చేసి, కాంక్రీటు పోసి, ముందు గోడ కడితే కెరటం ఆ గోడకు కొట్టుకుని వెనక్కి వెళ్తూ ఒడ్డునున్న ఇసుకను కోసుకుపోతుంది. 2021 మే 26న యాస్ తుపాను పౌర్ణమి పోటుతో కలిసి వచ్చినప్పుడు మందారమణి హోటళ్లలోకి నీళ్లు దూసుకొచ్చాయి. పాత దీఘాలో ఇసుక తరిగిపోయి, పోటు వేళ రాళ్ల కట్ట మీద నిలబడి సముద్రాన్ని చూడాల్సిన గతి పట్టింది. 2025 ఏప్రిల్ 30న జగన్నాథాలయం తెరిచాక దీఘాకు జనం తాకిడి మరింత పెరిగింది. మందారమణిని కూడా ఆ దారినే నడిపిస్తారా? హోటల్ యజమాని అమ్ముకుంటున్నది గదిని కాదు, కిటికీలోంచి కనిపించే తీరాన్ని. ఆ తీరం ఆయన సొత్తు కాదు.

మనలో ఎక్కువమంది పూర్వీకులు వచ్చిన ఉత్తరాంధ్రలోనూ ఈ దోషం ఉంది. రుషికొండ తీరానికి 2020లో బ్లూఫ్లాగ్ గుర్తింపు వచ్చింది. మరుసటి ఏడాది నుంచే పర్యాటకం పేరుతో ఆ పక్కనున్న కొండను తొలిచారు. నిర్వహణ సరిగా లేక 2025లో ఆ గుర్తింపు కొన్నాళ్లు పోయి, మళ్లీ వచ్చింది. జెండా తిరిగి ఎగిరింది కానీ, తొలిచిన కొండను తిరిగి నిలబెట్టగలిగేవాళ్లెవరు?

అందుకే మా నిర్ణయం ఇది. పోటు రేఖకు అతి దగ్గరగా ఉన్నవాటితో మొదలుపెట్టి, కోర్టు పర్యవేక్షణలో, ముందే ప్రకటించిన గడువుల ప్రకారం ఈ కట్టడాలను తొలగించాలి. ఖర్చు యజమానులే భరించాలి. ఇన్నాళ్ల లాభంలోంచి పనివాళ్లకు పరిహారం ఇవ్వాలి. చూసీ చూడనట్టు ఉన్న అధికారుల పేర్లు బయటపెట్టి విచారించాలి. తొలగించిన చోట మళ్లీ మొగలి నాటి, ఖోటీల హద్దులు రాసి ఇవ్వాలి. ఇసుక మీద వాహనాలు నడపకూడదన్న నిషేధాన్ని ఒక్క ఆదివారం కూడా సడలించకూడదు. ఎర్ర పీతల బొరియలు టైర్ల కింద నలిగిపోతుంటే సరదాగా వీడియోలు తీసుకునేవాళ్లలో ఖరగ్‌పూర్ బండ్లవాళ్లూ ఉన్నారు. మీ బండ్లను తీరానికి దూరంగా, రోడ్డు మీదే ఆపి నడిచి వెళ్లండి. గది తీసుకునే ముందు ఆ హోటల్ కూల్చివేత జాబితాలో ఉందా అని అడగండి. ఉంటే వెనక్కి తిరగండి.