సముద్రంలో కలిసిన నీరు వృథాయేనా?

గోదావరికి వరద వచ్చిన ప్రతిసారీ పేపర్లలో ఒకే మాట చూస్తుంటాము: ఇన్ని లక్షల క్యూసెక్కులు వృథాగా సముద్రం పాలు! 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడూ ఇదే మాట. మన హాస్టల్లో పొలం కూలీల పిల్లలమూ ఉన్నాము, వేట పల్లెల నుండి వచ్చినవాళ్ళమూ ఉన్నాము. 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తిచేయబట్టే డెల్టా పండిందని మాకు తెలుసు. అయినా ఆ 'వృథా' అన్న మాటను మేము ఒప్పుకోము. సముద్రానికీ ఒక పంట ఉన్నది.

ఆ పంట పేరు వృక్ష ప్లవకాలు. ఒక్కొక్కటిగా కంటికి కనబడవు. రొయ్యపిల్ల మొదలు పులస వరకు వాటి మీద ఆధారపడినవే. (పులసను మేము తిన్నది తక్కువ, దాని ధర విన్నది ఎక్కువ!) వీటికి ఎండ కావాలి, ఎరువు కావాలి. నైట్రేటు, ఫాస్ఫేటులతో పాటు రాళ్ళు అరిగి వచ్చే సిలికాను కూడా నది మోసుకొస్తుంది. డయాటమ్ అనే ప్లవకాలు ఆ సిలికాతోనే గాజులాంటి పెంకు కట్టుకుంటాయి.

విచిత్రమేమిటంటే, ఎర్రనీరు జోరు మీద ఉన్నప్పుడు మొగ దగ్గర ఇవి అంతగా పెరగవు. బురదలో ఎండ దిగదు, ప్రవాహం నిలవనివ్వదు. వరద తగ్గి నీరు తేరుకున్నాక ఏపుగా పెరుగుతాయి. పైగా మంచినీరు తేలిక కనుక ఉప్పునీటి మీద మూతలా పరుచుకొని, అడుగున ఉన్న పోషకాలను పైకి రానివ్వదు. అందుచేత నీరు ఎంత వస్తే అంత మేలు అని కూడా అనలేము.

అసలు రాకపోతే ఏమవుతుందో ఈజిప్టు చూసింది. నైలు మొగల దగ్గర 1962లో సుమారు 18 వేల టన్నుల సార్డీన్ చేపలు దొరికేవి. 1964లో ఆస్వాన్ దగ్గర నీరు నిలపడం మొదలయ్యాక వరదతో వచ్చే ప్లవకాలు పోయాయి. 1968 నాటికి చేపలు 500 టన్నులైనా లేవు. 1980ల తరువాత వేట మళ్ళీ పుంజుకుంది గాని, అందుకు పట్టణాల మురుగు, పొలాల ఎరువులే చాలావరకు కారణమని శాస్త్రజ్ఞులు చెబుతారు.

అయితే మురుగే చాలునా? చాలదంటాము. మురుగు ఎక్కువైతే ప్లవకాలు విపరీతంగా పెరిగి, చచ్చి కుళ్ళి, నీటిలోని ఆక్సిజన్‌ను తినేస్తాయి. అప్పుడు చేపలు తేలిపోతాయి.

నీటి లెక్కలు వేసే ఉద్యోగాల్లో ఉన్న మన పూర్వ విద్యార్థి అన్నలను, అక్కలను ఒకటే అడుగుతున్నాము. మీ పట్టికలో సాగుకు ఒక గడి, తాగునీటికి ఒక గడి పెడతారు కదా. మొగకు కూడా ఒక గడి పెట్టి, ఏ నెలలో ఎంత వదలాలో అందులో రాయండి.