పైపు వేస్తే సరిపోదు, కాపాడుకోవాలి

నల్లగొండను ఫ్లోరైడ్ పీడించింది బోరు నీళ్లతో; ఊరట దొరికింది కృష్ణా నీళ్లతో. 2015లో చౌటుప్పల్‌లో పైలాన్ ఆవిష్కరణతో మొదలైన మిషన్ భగీరథ ఆ నీటిని ఇళ్లకు చేర్చింది. ఇప్పుడు పైపుల బాగోగులే అసలు పరీక్ష. నల్లగొండలోనైనా మహబూబ్‌నగర్‌లోనైనా నల్లా రోజంతా రాదు. సరఫరా ఆగగానే పైపులో ఒత్తిడి పడిపోతుంది. మోరీ పక్కన జాయింటు వదులైతే మురుగు లోపలికి చేరుతుంది. నల్లా మీద నమ్మకం పోతే జనం మళ్లీ బోరు వైపే చూస్తారు.

మున్సిపాలిటీల దగ్గర పైసల్లేవన్నది నిజమే. కానీ పైపు పగిలాక రోడ్డు తవ్వి, ట్యాంకర్లు తిప్పి, రోగాలకు మందులిచ్చే ఖర్చు ముందస్తు మరమ్మతును మించిపోతుంది. నీటి పైపులు, వాల్వులు, మురుగు లైన్లను ఒకే మ్యాపులో గుర్తించి, పాతవాటిని విడతలవారీగా మార్చాలి. అందుకు ఏటా బడ్జెట్‌లో విడిగా నిధి పెట్టాలి. దాన్ని మరో పనికి మళ్లించకూడదు.